ఫారంలో ‘తండ్రి పేరు’ గడి, చట్టంలో ‘భార్య, భర్త’ మాటలు: మార్చేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు ఒక్కరే పాపను పెంచుకుంటున్నారు. స్కూలు అడ్మిషన్ ఫారంలో ‘తండ్రి పేరు’ గడి ఖాళీగా వదిలితే ఆఫీసులో తీసుకోలేదు. చట్టంలోనే ‘తల్లి, తండ్రి’ తీసేసి ‘పేరెంట్’ అనీ, ‘భార్య, భర్త’ తీసేసి ‘స్పౌజ్’ అనీ రాసేస్తే మీలాంటి వాళ్ల గొడవా, ఒకే జెండర్ జంటల గొడవా ఒకేసారి తీరిపోతాయి కదా, దానికి అడ్డమేంటి అని అడిగారు.

నేను విజయవాడలో ఇరవై రెండేళ్లుగా ఫ్యామిలీ కోర్టు కేసులు, బర్త్ సర్టిఫికెట్ కరెక్షన్లు, మ్యారేజ్ రిజిస్ట్రేషన్లు చూస్తున్న లాయర్ని. నాకు తెలిసినంతలో చెబుతాను.

సూటిగా జవాబు: మీ ఫారం పని కావడానికి చట్టం మారే దాకా ఆగక్కర్లేదు. చాలా చోట్ల చట్టం ఇప్పటికే మీ వైపు ఉంది, వెనకబడింది ఫారాలూ సాఫ్ట్‌వేరూ. పెళ్లి చట్టం సంగతి వేరు. అక్కడ ‘భర్త’ కొట్టేసి ‘స్పౌజ్’ రాయడం ఐదు నిమిషాల పనే. కానీ ఆ రెండు మాటలకీ వయసులు, వరసలు, భరణం, వారసత్వం తగులుకుని ఉన్నాయి. వాటిలో ఒక్కొక్కటి ఏం చేయాలో తేల్చకుండా మాట ఒక్కటే మారిస్తే కొందరికి మేలు, కొందరికి నష్టం, మిగతావాళ్లకి అయోమయం.

ముందు మీ పని చూద్దాం.

2015 జూలైలో సుప్రీంకోర్టు ‘ఏబీసీ వర్సెస్ ఢిల్లీ రాష్ట్రం’ అనే కేసులో తీర్పు ఇచ్చింది. పెళ్లి కాని ఒక తల్లి తన పొదుపు ఖాతాకీ, ఇన్సూరెన్సుకీ కొడుకును నామినీగా పెట్టుకోవాలనుకుంది. తండ్రి పేరు చెప్పు, లేదా గార్డియన్ సర్టిఫికెట్ తీసుకురా అన్నారు. సర్టిఫికెట్ కోసం కోర్టుకి వెళితే, తండ్రికి నోటీసు ఇవ్వకుండా కుదరదన్నారు. తండ్రి పేరు చెప్పనని ఆమె అంది. సుప్రీంకోర్టు ఆమె మాటే నిలబెట్టింది. ఆ తీర్పు చివర్లో మనలాంటి వాళ్లకి రోజూ పనికొచ్చే ఆదేశం ఒకటి ఉంది. ఒంటరి తల్లి గానీ, పెళ్లి కాని తల్లి గానీ తన కడుపున పుట్టిన బిడ్డకి బర్త్ సర్టిఫికెట్ అడిగితే అధికారులు ఒక అఫిడవిట్ మాత్రమే అడగాలి. అది ఇచ్చాక, వేరే కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప, సర్టిఫికెట్ ఇచ్చి తీరాలి.

పాస్‌పోర్టుకి 2016 డిసెంబరు నుంచి తల్లి, తండ్రి, గార్డియన్, వీళ్లలో ఎవరిదో ఒకరి పేరు చాలు. పాన్ కార్డుకి తల్లి ఒంటరి పేరెంట్ అయితే తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబరు 5 నుంచి రూలు మారింది. అంటే దేశం దాటడానికి అక్కర్లేని పేరు ఒకటో తరగతిలో చేరడానికి కావాలంటున్నారు.

కొన్నేళ్ల కిందట ఇలాంటి పని మీదే ఒక అమ్మాయితో మున్సిపల్ కౌంటరుకి వెళ్లాను. అఫిడవిట్ ఉంది, తీర్పు కాపీ ఉంది, ఆఫీసరు సంతకం కూడా అయిపోయింది. కంప్యూటర్లో మాత్రం తండ్రి పేరు నింపకపోతే తర్వాతి పేజీ రావట్లేదు. గుమస్తా మంచివాడే. “ఏదో ఒక పేరు చెప్పమ్మా, మీ నాన్నగారిదైనా పర్లేదు” అన్నాడు. ఆ అమ్మాయి చెప్పేసేదే, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. చివరికి ఆయనే ఆ గడిలో ఒక చుక్క పెట్టి చూశాడు. చుక్కని తీసుకుంది సాఫ్ట్‌వేరు! ఆ పిల్ల సర్టిఫికెట్ మీద ఇప్పటికీ తండ్రి పేరు ఉండాల్సిన చోట ఒక చుక్క ఉంటుంది.

ఎందుకు ఆపానంటే, పని అయిపోతుంది కదా అని అబద్ధం పేరు మాత్రం ఎప్పుడూ రాయకండి. తాతగారి పేరు తండ్రి గడిలో పడితే ఆ తాతగారి ఆస్తి పంచుకునే రోజున అది ఎవరికి ఏ ఆయుధమవుతుందో చెప్పలేం. దాన్ని దిద్దించుకోవాలంటే 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టంలో 15వ సెక్షన్ కింద మళ్లీ దరఖాస్తు, ఆధారాలు, తిరుగుడు.

ఇక్కడొక ముఖ్యమైన తేడా ఉంది, మీ ప్రశ్నలో ఆ వివరం లేదు. మీ పాప బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ముందునుంచీ లేకపోతే పైన చెప్పింది మీకు నేరుగా వర్తిస్తుంది. పేరు ఇప్పటికే ఎక్కి ఉండి, తర్వాత విడాకులైనా, ఆయన వదిలేసి వెళ్లిపోయినా, ‘ఏబీసీ’ తీర్పు చూపించి ఆ పేరు తీయించలేరు. విడాకులతో భార్యాభర్తల బంధం పోతుంది గానీ తండ్రి తండ్రే. అప్పుడు మీరు స్కూల్లో అడగాల్సింది వేరు: ‘పేరు రాస్తాను, కానీ సంతకాలకీ, ఫోన్లకీ, టీసీకీ పేరెంట్‌గా నన్ను ఒక్కదాన్నే నమోదు చేసుకోండి’ అని. పిల్లను ఎవరి దగ్గర ఉంచాలో కోర్టు ఉత్తర్వు ఉంటే దాని కాపీ జత చేయండి.

మన ఆంధ్ర నుంచే వెళ్లిన ఒక కేసు కూడా చెప్పాలి. భర్త చనిపోయాక ఒకావిడ మళ్లీ పెళ్లి చేసుకుని బిడ్డకి కొత్త భర్త ఇంటిపేరు పెట్టుకుంది. హైకోర్టు, బిడ్డకి కన్నతండ్రి ఇంటిపేరే ఉంచాలని, రికార్డుల్లో కొత్త భర్తను ‘సవతి తండ్రి’ అని రాయాలని చెప్పింది. 2022 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా రాయించడం బిడ్డ మనసు మీద ఎలా పనిచేస్తుందో ఆలోచించకుండా చేసిన పని అంటూ గట్టిగానే మాట్లాడింది. తండ్రి తర్వాత తల్లే సహజ సంరక్షకురాలు కాబట్టి ఇంటిపేరు నిర్ణయించే హక్కూ ఆమెదే అంది.

ఆ ‘తండ్రి తర్వాత’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మాట మార్చకుండా అర్థం మార్చడం అంటే ఏమిటో అది చూపిస్తుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్‌లో మైనరుకి సహజ సంరక్షకులు ‘తండ్రి, అతని తర్వాత తల్లి’ అని ఉంది. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరు మీద రిజర్వు బ్యాంకు రిలీఫ్ బాండ్లకి దరఖాస్తు పెడితే, తండ్రి సంతకం కావాలని వెనక్కి పంపారు. తండ్రి బతికే ఉన్నాడు, ఆయనకు అభ్యంతరం కూడా లేదు! 1999లో సుప్రీంకోర్టు ‘తర్వాత’ అంటే ‘చనిపోయాక’ అని కాదు, ‘అందుబాటులో లేనప్పుడు, పట్టించుకోనప్పుడు’ అని కూడా చదవాలంది. అంతే తప్ప ఆ రెండు మాటల్ని చట్టంలోంచి తీయలేదు. వాటిని తీసి తల్లిదండ్రులిద్దరినీ సమానంగా రాయమని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో చెప్పింది. సెక్షన్ ఇప్పటికీ అలాగే ఉంది. కౌంటర్లో కూర్చునే ఉద్యోగి చేతిలో ఉండేది చట్టం పుస్తకమే, తీర్పు కాదు. అందుకే గొడవ తెగదు. మీరడిగిన మాట మార్పు నిజంగా పని చేసే చోటు ఏదైనా ఉందంటే నా ఓటు ముందు ఈ సెక్షన్‌కే.

ఇప్పుడు ‘పేరెంట్’.

2025 జూన్‌లో కేరళ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కోళికోడ్‌లో 2023 ఫిబ్రవరిలో ఒక ట్రాన్స్ జంటకి బిడ్డ పుట్టింది. బిడ్డను కన్నది ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా మగవాడిగా బతికే మనిషి), ఆయన భాగస్వామి ట్రాన్స్ మహిళ (దానికి ఉల్టా). మున్సిపల్ వాళ్లు సర్టిఫికెట్‌లో కన్నాయన పేరు ‘తల్లి’ గడిలో, ఆవిడ పేరు ‘తండ్రి’ గడిలో వేసి, రెండింటి పక్కనా బ్రాకెట్లో ట్రాన్స్‌జెండర్ అని రాసిచ్చారు. నాన్నగా బతికే మనిషి కాగితం మీద తల్లి, అమ్మగా బతికే మనిషి కాగితం మీద తండ్రి. రేపు బడిలో, పాస్‌పోర్టు ఆఫీసులో ఆ బిడ్డ ఎన్నిసార్లు సంజాయిషీ చెప్పుకోవాలి? ‘తల్లి’, ‘తండ్రి’ గడులు తీసేసి ‘పేరెంట్స్’ అని ఇద్దరి పేర్లూ రాసి కొత్త సర్టిఫికెట్ ఇవ్వమని హైకోర్టు చెప్పింది. జనన చట్టం మొత్తం తిరగరాయలేదు, ఆ ఒక్క కాగితం సరిచేసింది.

ఇలాంటి కేసే బ్రిటన్‌లో ఉల్టా తేలింది. బిడ్డను కన్న ట్రాన్స్ పురుషుడు ‘తండ్రి’ లేదా ‘పేరెంట్’ అని రాయమంటే, 2020లో అక్కడి అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. కడుపున మోసి కన్న మనిషే ‘తల్లి’, కన్నవాళ్ల జెండర్ ఏదైనా సరే అంది. అక్కడ ‘తల్లి’ అనే మాట ఒక పని పేరు అయిపోయింది. ఇద్దరు మహిళల జంటలో రెండో ఆవిడకి మాత్రం 2008 నాటి అక్కడి చట్టంలోనే ‘పేరెంట్’ అనే గుర్తింపు ఉంది. సమానత్వం గురించి అన్నేళ్లుగా మాట్లాడే దేశంలోనూ ఒకే ఫారంలో ఒక మాట జెండర్‌తో, ఒకటి జెండర్ లేకుండా ఉన్నాయన్నమాట.

మన చట్టంలో తండ్రి ఎవరో తేల్చేది రక్తం అనుకుంటాం. ముందు చూసేది పెళ్లి. పాత సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్, ఇప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 116వ సెక్షన్: పెళ్లి నిలిచి ఉండగా గానీ, అది రద్దయ్యాక 280 రోజుల్లోపు తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండగా గానీ పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. ఆ రోజుల్లో వాళ్లిద్దరూ కలిసే అవకాశమే లేదని నిరూపిస్తే తప్ప. ఇక్కడ ‘భర్త’ బదులు ‘స్పౌజ్’ అని రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఇద్దరు మహిళల జంటలో కనని ఆవిడ తనంతట తానే రెండో పేరెంట్ అవుతుంది, మంచిదే. ఇద్దరు పురుషుల జంటలో? కన్న మనిషి ఆ పెళ్లిలోనే లేదు. అక్కడికి సరొగసీ (అద్దె గర్భం) చట్టం రావాలి. 2021 నాటి మన సరొగసీ చట్టం చూస్తే, జంట అంటే పెళ్లయిన పురుషుడు, స్త్రీ. ఒంటరి మహిళల్లో భర్త పోయినవాళ్లకీ, విడాకులు తీసుకున్నవాళ్లకీ మాత్రమే, అదీ 35 నుంచి 45 ఏళ్ల మధ్య. జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత చూస్తే ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు. ఒక్క మాట లాగితే ఇన్ని చట్టాలు కదులుతాయి.

పెళ్లి చట్టానికి వద్దాం. ఇది కాస్త పెద్దది.

1954 ప్రత్యేక వివాహ చట్టం (మతంతో పనిలేకుండా మ్యారేజ్ ఆఫీసరు ముందు చేసుకునే పెళ్లిళ్లది) 4వ సెక్షన్ ‘ఏ ఇద్దరు వ్యక్తుల మధ్యనైనా’ అని మొదలవుతుంది. హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్ కూడా ‘ఏ ఇద్దరు హిందువుల మధ్యనైనా’ అనే అంటుంది. తలుపు దగ్గర ఎవరినీ ఆపలేదు. లోపలికి అడుగు పెట్టాక మగవాడికి 21, ఆడవాళ్లకి 18 అని వయసులు వస్తాయి. ఈ ఒక్క అంకెని సమానం చేయడానికే 2021 డిసెంబరులో బిల్లు పెట్టి, కమిటీకి పంపి, 2024లో లోక్‌సభ రద్దయ్యేసరికి అది కాలం చెల్లిపోయింది.

తర్వాత ప్రత్యేక వివాహ చట్టం చివర్లో మొదటి షెడ్యూలు ఉంది, చాలామంది లాయర్లు కూడా తిరగెయ్యరు. పెళ్లాడకూడని వరసలు. మగవాడికి 37, ఆడవాళ్లకి 37. మగవాడి జాబితాలో మొదటిది తల్లి, చివరిది మేనమామ కూతురు! మన ఇళ్లలో పుట్టగానే ‘నా కోడలే’ అనుకునే వరస అక్కడ నిషిద్ధం. ఆచారం ఉన్నవాళ్లకి మినహాయింపు 1963లో తర్వాత చేర్చారు. ఇప్పుడు ‘పురుషుడు, స్త్రీ’ తీసేసి ‘వ్యక్తి’ అని రాస్తే ఈ రెండు జాబితాల్లో ఎవరికి ఏది? ఇద్దరు మగవాళ్లయితే మేనమామ కొడుకు జాబితాలో లేడు కాబట్టి పర్లేదా? లేక రెండు జాబితాలూ కలిపి 74 వరసలు ఇద్దరికీ వర్తిస్తాయా? దీనికి జవాబు రాయలేమని కాదు. ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

పెళ్లి జరిగేటప్పుడు చెప్పే మాట కూడా చట్టంలోనే ఉంది. మ్యారేజ్ ఆఫీసరు ముందు, ముగ్గురు సాక్షుల ముందు ఒకరితో ఒకరు ‘నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా (భర్తగా) స్వీకరిస్తున్నాను’ అని చెప్పాలి, వాళ్లకి అర్థమయ్యే ఏ భాషలోనైనా. నేను సాక్షిగా నిలబడ్డ ఒక పెళ్లిలో అమ్మాయి సిగ్గుతో ‘భర్తగా’ అన్న మాట మింగేసింది. ఆఫీసరు పెన్ను పక్కన పెట్టి, “వినపడలేదమ్మా, ఏమనుకుంటున్నావో అది కూడా చెప్పాలి” అన్నారు. అందరూ నవ్వారు. ఆ పిల్ల ఈసారి గట్టిగా చెప్పింది. ఆ మాట లేకపోతే ఆ రోజు పెళ్లి అయినట్టు కాదు.

2023లో సుప్రీంకోర్టు ముందు పెట్టిన వాదన దాదాపు మీరడిగిందే. ‘సుప్రియో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా’. ప్రధాన పిటిషనర్లు మన హైదరాబాద్‌లో ఉండే జంటే. ప్రత్యేక వివాహ చట్టంలో భార్య, భర్త అన్నచోటల్లా ‘స్పౌజ్’ అని చదవండి చాలు అన్నారు. 2023 అక్టోబరు 17న ఐదుగురు జడ్జీలూ ఆ మాట మార్పు మా చేత కాదు, పార్లమెంటు పని అన్నారు. పౌర బంధంగా (పెళ్లి అనకుండానే చట్టం గుర్తించే బంధంగా) గుర్తింపు ఇవ్వాలా అన్న దగ్గర మాత్రం 3–2గా విడిపోయి, అదీ రాలేదు. రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. అదే తీర్పులో ఐదుగురూ ఒప్పుకున్నది ఒకటుంది. ఒకరు స్త్రీగా, ఒకరు పురుషుడిగా ఉన్న జంటలో ఎవరైనా ట్రాన్స్ అయితే, వాళ్లు ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చు. ‘వధువు’ అనే మాటలోకి ట్రాన్స్ మహిళ కూడా వస్తుందని మద్రాసు హైకోర్టు మదురై బెంచి 2019లోనే చెప్పింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడ్డు చెబితే నేను పట్టుకెళ్లేది ఈ రెండు తీర్పులే.

సుప్రియో కేసు విన్న ఐదుగురిలో ఒకరైన జస్టిస్ రవీంద్ర భట్ చెప్పిన ఒక కారణం చాలామంది చదవకుండా తీర్పును తిట్టారు, పొగిడారు. జెండర్ లేకుండా చదివితే ఆడవాళ్లకి ఉన్న రక్షణలు దెబ్బతింటాయేమో అన్నది ఆయన మాట. ప్రత్యేక వివాహ చట్టంలో 36, 37 సెక్షన్ల కింద భరణం భార్యకే. విడాకులకి భార్య మాత్రమే చూపగల కారణాలు విడిగా ఉన్నాయి. ‘స్పౌజ్’ అనేస్తే ఇవి ఎవరివి?

నేను ఈ భయాన్ని సగమే ఒప్పుకుంటాను. ఎందుకంటే హిందూ వివాహ చట్టంలో 24, 25 సెక్షన్లు 1955 నుంచే ‘భార్య గానీ భర్త గానీ’ అంటున్నాయి. భర్తలు భరణం అడిగిన పిటిషన్లు నేనూ చూశాను, కోర్టు ఆదాయాలు చూసి తేలుస్తుంది. ఆకాశం ఊడిపడలేదు. భరణం విషయంలో జెండర్ లేని మాట పని చేస్తుందని మన దగ్గరే ఇన్నేళ్ల అనుభవం ఉంది. గృహహింస లాంటి చోట్ల మాత్రం జాగ్రత్త కావాలి. అక్కడ బాధితురాలు స్త్రీ అని రాయడానికి కారణం ఉంది. అదే చట్టంలో ఎదుటి పక్షం ‘వయోజనుడైన పురుషుడు’ అని ఉంటే, ఆ మాటల్ని 2016లో సుప్రీంకోర్టే కొట్టేసింది. దాంతో ఇంట్లో వేధించేది ఆడవాళ్లైనా వాళ్ల మీద నేరుగా కేసు పెట్టే దారి తెరుచుకుంది. ఒకే నిర్వచనాల సెక్షన్‌లో ఒక చోట జెండర్ ఉంచి, ఒక చోట తీసేశారు. పని అలా జరగాలి, చోటు చూసి.

జెండర్ ఉన్న మాట అందరికీ వర్తించిన సందర్భాలూ ఉన్నాయి. తల్లిదండ్రుల పోషణ గురించి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ‘అతని తండ్రి లేక తల్లి’ అని ఉండేది. పెళ్లయిన ఒక డాక్టరమ్మ, ‘అతని’ అన్నారు కాబట్టి నేను నాన్నకి ఇవ్వక్కర్లేదు అని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1987లో ఓడిపోయింది. కూతురు కూడా పోషించాల్సిందే. 2023 భారతీయ న్యాయ సంహిత అయితే ‘అతడు’ అంటే పురుషుడు, స్త్రీ, ట్రాన్స్‌జెండర్ అందరూ అని నిర్వచనంలోనే రాసేసింది.

జెండర్ లేని మాటే కొందరిని లోపలికి రానివ్వని సందర్భం కూడా ఉంది. అమెరికాలో 1996లో ఒక చట్టం చేశారు. అందులో వాడింది మీరు అడిగిన ‘స్పౌజ్’ మాటే. కాకపోతే ‘స్పౌజ్ అంటే ఎదుటి జెండర్‌కి చెందిన భార్య లేక భర్త’ అని నిర్వచనం పెట్టారు. అక్కడి సుప్రీంకోర్టు 2013 జూన్‌లో దాన్ని కొట్టేసిన తర్వాతే, అమెరికాలో ఉద్యోగం చేసే మన పిల్లలు ఒకే జెండర్ భాగస్వామిని పెళ్లాడితే వాళ్లకి డిపెండెంట్ వీసా వచ్చే వీలు కలిగింది. కాబట్టి మాట చూసి మురిసిపోకుండా నిర్వచనాల పేజీ చదవండి.

థాయిలాండ్ ఇటీవలి ఉదాహరణ. 2025 జనవరి 22 నుంచి అక్కడ సివిల్ కోడ్‌లో ‘పురుషుడు, స్త్రీ’ బదులు ‘వ్యక్తులు’, ‘భర్త, భార్య’ బదులు ‘దాంపత్య భాగస్వాములు’ అన్న అర్థమిచ్చే మాట పెట్టారు. ‘తండ్రి, తల్లి’ జోలికి మాత్రం పోలేదు. పెళ్లి అయ్యాక పిల్లల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పాత మాటలే. మన ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌర స్మృతి ఇంకో రకం. పెళ్లికి పురుషుడు, స్త్రీ అనే ఉంది, వయసులూ 21, 18 అలాగే ఉంచారు. వారసత్వంలో మాత్రం జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు అని మగవాడి ఆస్తికీ ఆడవాళ్ల ఆస్తికీ ఒకటే వరుస పెట్టారు.

ఆ వారసత్వ మార్పు చిన్నదేం కాదు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పిల్లలు, భర్త లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె సొంత సంపాదన ముందు భర్త వారసులకి, వాళ్లెవరూ లేకపోతేనే ఆమె అమ్మానాన్నలకి. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటివాళ్లు గెంటేస్తే, పుట్టింట్లో చదువుకుని ఉద్యోగం చేసి కూడబెట్టిన ఒకావిడ డబ్బు కూడా అత్తింటివాళ్లకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. చట్టం అలా ఉంది మరి. మీకు ఉద్యోగం, ఖాతా ఉంటే వీలునామా ఇవాళే రాసి పెట్టుకోండి. పాప ఉండగా, చట్టప్రకారం భర్త లేకపోతే, డబ్బు పాపకే వస్తుంది, నిజమే. కానీ పాప మైనరు కదా, ఆమె తరఫున ఎవరు చూసుకోవాలో మీరే రాయాలి. రాయకపోతే పైన చెప్పిన 6వ సెక్షన్ లోంచి ‘తండ్రి’ వస్తాడు; పెళ్లిలో పుట్టిన బిడ్డయితే రాసినా ఆయన ముందుకు రావచ్చు.

తెలుగులో ఈ మాటలు ఎలా రాయాలని మీరు అడగలేదు గానీ, ఒక న్యాయసహాయ శిబిరానికి కరపత్రాలు రాసినప్పుడు నాకు తగిలిన సంగతి చెబుతాను. ‘స్పౌజ్’కి ‘జీవిత భాగస్వామి’ సరిపోయింది. ఒట్టి ‘భాగస్వామి’ అంటే వ్యాపారంలో పొత్తు అనుకున్నారు జనం. ‘పేరెంట్’కి ఒంటి మాట దొరకలేదు. ‘తల్లిదండ్రులు’ జంట మాట, విడదీస్తే మళ్లీ తల్లి, తండ్రి. ‘కన్నవారు’ బాగుందనుకుంటే, ‘కన్నవారింటికి వెళ్లింది’ అంటే పుట్టిల్లు, పైగా పెంచుకున్నవాళ్లు అందులోకి రారు. చివరికి ‘పేరెంట్’ అనే రాశాను, స్కూలు మీటింగుల పుణ్యమా అని పల్లెల్లో కూడా ఆ మాట తెలుసు. వాక్యాల్లో మాత్రం తెలుగు మనకి కలిసొస్తుంది. ‘చనిపోయాడు’, ‘చనిపోయింది’ అంటే జెండర్ చెప్పక తప్పదు. ‘చనిపోతే’, ‘చనిపోయిన వ్యక్తి’, ‘తన ఆస్తి’ అంటే ఎక్కడా చెప్పక్కర్లేదు. చట్టంలో సగం వాక్యాలు ‘అయితే, పోతే, ఉంటే’ రకమే కదా. అయినా పాత అనువాదాల్లో ప్రతి పేజీలో ‘అతడు’ ఎందుకొచ్చాడంటే ఇంగ్లీషు పేజీలో ఉన్నాడు కాబట్టి.

మళ్లీ మీ స్కూలు దగ్గరికి. సోమవారం వెళ్లేటప్పుడు పాప బర్త్ సర్టిఫికెట్ జిరాక్సు, మీ ఆధార్, ‘పాపకి పేరెంట్‌ని నేను ఒక్కదాన్నే’ అని నోటరీ చేయించిన అఫిడవిట్, ‘ఏబీసీ’ తీర్పులో ఆ ఆదేశం ఉన్న పేజీ పట్టుకెళ్లండి. ఆ తీర్పు బర్త్ సర్టిఫికెట్ గురించి, స్కూలు ఫారం గురించి కాదు అని వాళ్లు అనొచ్చు. నిజమే. దానికి మీ జవాబు: ‘బర్త్ సర్టిఫికెట్‌లోనే లేని పేరు మీ ఫారంలోకి ఎక్కడినుంచి తేవాలి?’ తండ్రి పేరు గడిలో అడ్డగీత కొట్టి పక్కన సంతకం చేయండి, ఖాళీగా వదలకండి. ఖాళీ గడిని మర్చిపోయారనుకుంటారు, గీత కొడితే కావాలనే వదిలారని తెలుస్తుంది. అయినా కాదంటే, కోప్పడకుండా ఆ కారణం కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వమన్నాక చాలామంది ఫారం తీసేసుకుంటారు. రాసిచ్చేస్తే మరీ మంచిది, ఆ కాగితం తీసుకుని మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లండి.

బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఉందో లేదో కింద చెబితే, అఫిడవిట్‌లో ఏ మాటలు ఉండాలో రాసి పెడతాను.